నాలుగు శ్రుతి నుంచి రెండుకి

కిందటి నెల ఓ ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా తమ్ముడి మనవడు వీడియో ఫోన్ చేశాడు. వాడికి పదిహేడేళ్ళు. స్కూలు బ్యాండులో ట్యూబా వాయిస్తాడు. మన పెళ్ళి బ్యాండుల్లో ఒంటికి చుట్టుకుని, తలపైన పెద్ద పువ్వులా విచ్చుకుని ఉండే ఇత్తడి బాకా ఉంటుందే, దానికి సొంత అన్నలాంటిది అది.

"పెదతాతా, ఇప్పుడు నాది బి ఫ్లాట్ ట్యూబా. కాలేజీలో కూడా మ్యూజిక్ చదవాలంటే సి ట్యూబాకి మారితే మంచిదని మా బ్యాండ్ టీచర్ అంటున్నారు. మారనా?"

నాకు ట్యూబా సంగతి ఏం తెలుసు? వాడే చెప్పాడు. బి ఫ్లాట్ దాంట్లో చుట్టలు విప్పి పరిస్తే గొట్టం పద్ధెనిమిది అడుగుల దాకా ఉంటుందట, సి అయితే పదహారు. మన లెక్కలో ఆరున్నర శ్రుతి వాద్యం వదిలి ఒకటి శ్రుతి వాద్యం పట్టుకోవడం. అమెరికాలో స్కూలు పిల్లలు దాదాపు అందరూ బి ఫ్లాట్ మీదే మొదలుపెడతారట, ఆర్కెస్ట్రాల్లోకి వెళ్ళాలనుకునేవాళ్ళు చాలామంది సి కి మారతారట. కాగితం మీద రాసిన స్వరం అదే ఉంటుంది, దానికి నొక్కే మీటలు మాత్రం మారిపోతాయి. మనకి ఇది తిరగబడిన లెక్క. సన్నాయి ఏ శ్రుతిదైనా సరే, స రి గ మ లకి వేళ్ళు వేసే వరస మారదు. స్వరమే కిందకో పైకో జరుగుతుంది. వాడికి వేళ్ళు మారతాయి, స్వరం నిలబడుతుంది. నాకు వేళ్ళు నిలబడ్డాయి, స్వరం మారింది. నిలబడ్డాయనే నేనూ అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న 1985లో నాకు నేనే వేసుకుని, ఇంకెవర్నీ అడక్కుండా జవాబు చెప్పేసుకున్నవాణ్ణి. మర్నాడు వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

మాది పర్చూరు దగ్గర ఓ పల్లె. నేను పుట్టేనాటికి గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. ఇంట్లో మాట తెలుగు. శుక్రవారం నమాజు, శనివారం తెల్లవారుజామున ఆంజనేయస్వామి గుళ్ళో బౌళి రాగం. చిలకలూరిపేట చుట్టుపక్కల సన్నాయి వాయించే సాయిబుల ఇళ్ళన్నీ ఇంతే. దీన్ని వింతగా చూసేవాళ్ళు మా వైపు ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

మా మేళంలో నాదీ తమ్ముడిదీ రెండు సన్నాయిలు. డోలు మా బావది. చిన్నాన్న కొడుకు ఒత్తు పట్టేవాడు. ఒత్తంటే స్వరాలేవీ పలక్కుండా ఆధార షడ్జమం ఒక్కటే ఆపకుండా ఊదే శ్రుతి సన్నాయి. అన్నీ నాలుగు శ్రుతివి. హార్మోనియం మీద నాలుగో తెల్లమెట్టు దగ్గర షడ్జమం పెడితే ఎంత పైకి ఉంటుందో అంత. ఇలాంటి పొట్టి సన్నాయిని తిమిరి అంటారు. అది పలికితే ఊరవతల కల్లంలో ఉన్నవాడికీ వినపడాలి. మా పని అంతా ఆరుబయటే. పెళ్ళివారిని విడిది నుంచి పందిరికి తీసుకురావడం, రాత్రి ఊరేగింపు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల ముందు నడక. నడుస్తూ, దుమ్ములో, ఎదురుగాలిలో వాయించాలి. మైకు ఉండదు. అందుకే మా పెద్దవాళ్ళు పొట్టి వాద్యాన్ని పట్టుకున్నారు. ఇంత చిన్న సంగతి ముప్ఫయ్యేళ్ళు వచ్చేదాకా నా బుర్రకి తట్టలేదు. మా పెదనాన్నకి అదొక్కటే దొరికింది కాబట్టి దాంతో సరిపెట్టుకున్నాడనుకున్నాను.

రెండో రకం బారి సన్నాయి. పొడుగైనది. రెండు, రెండున్నర శ్రుతుల్లో గంభీరంగా మోగుతుంది. తమిళనాడులో కూడా ఒకప్పుడు తిమిరే ఎక్కువ. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారు 1930ల్లో నరసింగంపేటలో వాద్యాలు చేసే రంగనాథన్ ఆచారి గారితో పొడుగు నాదస్వరం చేయించుకున్నాక అక్కడి పద్ధతే మారింది. కచేరీ వేదికలు, మైకులు వచ్చిన కాలం. గొంతు చించుకోవాల్సిన అవసరం లేకుండా రాగాన్ని నిదానంగా విప్పుకునే వీలు దొరికింది. ఆయన తోడి రాగం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గాలి మా వైపుకి తెచ్చింది కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ గారు. 1924లో పుట్టారు. మాకు ఆయన దేవుడి పక్కన ఉండే మనిషి. 1977లో పద్మశ్రీ వచ్చిందని తెలిసిన రోజు మా పెదనాన్న ఊళ్ళో బెల్లం పంచాడు. ఆయన వాయించినది రేడియోలో వచ్చినప్పుడల్లా మార్టూరు సెంటర్లో ఓ టీ కొట్టు దగ్గర సైకిలు స్టాండు వేసి అలాగే నిలబడిపోయేవాణ్ణి. ఆ నాదం కింద నుంచి లేచేది. నల్లరేగడిలో వాన పడ్డాక నేలలోంచి వచ్చే వాసనలాగా. ఇంటికొచ్చి నా తిమిరి పట్టుకుంటే నాకు కీచుగా వినిపించేది. అదే రాగం, అదే గమకం, నాది మాత్రం చవకగా ఉన్నట్టు.

ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. అప్పట్లో మా వైపు పత్తి డబ్బు ఆడుతోంది. పొగాకు, మిరప వేసిన చేలల్లో పత్తి వేసి, రెండేళ్ళలో మిద్దెలు కట్టినవాళ్ళు ఉన్నారు. పెళ్ళిళ్ళకి తెనాలి నుంచీ మద్రాసు నుంచీ మేళాలు తెప్పించేవారు. ఓ పెళ్ళిలో విడిది దగ్గర మాచేత వాయించి, ముహూర్తానికి మాత్రం తమిళనాడు నుంచి వచ్చిన పెద్ద మేళాన్ని పందిట్లో కూర్చోబెట్టారు. వాళ్ళవి బారి సన్నాయిలు. మేం గుమ్మం బయట అరుగు మీద కూర్చుని విన్నాం. 1962లో వచ్చిన 'మురిపించే మువ్వలు' సినిమాలో మన రేపల్లె వైపు అమ్మాయి జానకి గారి పాటకి కారుకురిచ్చి అరుణాచలం గారు నాదస్వరం వాయించారు కదా, ఎవరో ఆ పాట అడిగితే వాళ్ళు వాయించారు. పందిరంతా నిశ్శబ్దం అయిపోయింది. మేం వాయించేటప్పుడు జనం మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తూ నిర్ణయం తీసేసుకున్నాను. తేడా కర్రలో ఉంది, కర్ర మార్చాలి.

పక్కవాడి చేలో పత్తి పండిందని మన చేలో మిరప పీకేసి పత్తి పెట్టడం మీకూ తెలిసిందే. ఆ చేలో నీళ్ళెక్కడివి, ఆ నేల ఏపాటిది, వాడు చేసిన చాకిరీ ఎంత, అవి కనపడవు. విచ్చుకున్న కాయే కనపడుతుంది.

మా గురువు పెదనాన్నే. చెప్పాను. వద్దనలేదు. నులకమంచం మీద కూర్చుని, సన్నాయి కొనకి పెట్టి ఊదే రెల్లు పీకని గీరుకుంటున్నాడు. గీరడం ఆపి, "మరి మీ తమ్ముడి సంగతేంట్రా?" అన్నాడు.

"వాడు తర్వాత కొనుక్కుంటాడు."

"ఒత్తు?"

"శ్రుతిపెట్టె కొంటాను పెదనాన్నా."

ఇంకేమీ అడగలేదు. మళ్ళీ పీక గీరుకోవడం మొదలుపెట్టాడు. ఆయన మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాను. ఒప్పుకోలు కాదని నాకు తెలుసు. తెలిసీ అలాగే తీసుకున్నాను.

రెండు సన్నాయిలు జోడీగా వాయించాలంటే రెండూ ఒకే శ్రుతివై ఉండాలి. ఇది సన్నాయి పట్టిన మొదటి రోజు నేర్చుకునే సంగతి. నేను రెండు శ్రుతికి దిగితే నాలుగు శ్రుతిలో ఉన్న తమ్ముడు నాతో వాయించలేడు. ఒత్తు పనికిరాదు. అంటే నేను మారుస్తున్నది నా వాద్యం కాదు, మేళాన్ని. కానీ నా లెక్కలో వాళ్ళెవరూ లేరు. నేనూ, నా తోడీ, నిశ్శబ్దంగా వినే పందిరీ, అంతే.

ఆ ఏడు మాఘమాసం సంపాదన అంతా దాచాను. చాల్లేదు. పాత తిమిరిని ఇంకొల్లు వైపు ఇంకో మేళంలోని కుర్రాడికి అమ్మేశాను. డబ్బు చాలక అమ్మానని ఇంట్లో చెప్పాను. అది సగం నిజమే. అడిగితే అప్పు పుట్టేది. వెనక్కి రావడానికి దారి ఉంటే ఎక్కడ వచ్చేస్తానో అని నా భయం. దారి మూసేస్తే ముందుకే పోతాననుకున్నాను. దాన్ని అప్పుడు ధైర్యం అనుకున్నాను.

ఆషాఢంలో మేళాలకి పని ఉండదు. చీరాలలో రైలెక్కి మద్రాసు, ఎగ్మూరు నుంచి మీటరు గేజీ బండిలో కుంభకోణం, అక్కణ్ణించి నరసింగంపేట. నాదస్వరాలు చేసే కుటుంబాలు ఆ ఊళ్ళో తరతరాలుగా ఉన్నాయి. 2022లో అక్కడి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆచ్చా మరం అని వాళ్ళు పిలిచే చెట్టు కలప వాడతారు, మనం నారేపి అంటాం. కొత్త కలప పనికిరాదు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు కొంటారు. ఎన్నో ఏళ్ళు నీడలో ఎండి, తడి అనేది లేకుండా పోయిన కలప అయితేనే తొలిచినా పగలదు, ఊదితే వంకర పోదు. నా సన్నాయి ఏ ఇంటి దూలంలోంచి వచ్చిందో నాకు తెలీదు గానీ, గొట్టం లోపలి నుంచి చాలాకాలం పాత చెక్కపెట్టె వాసన వచ్చేది.

ఆ పెద్దాయనకి తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు చాపమన్నాడు. పుల్ల పెట్టి కొలిచాడు. తర్వాత రెండు వేళ్ళు ఎత్తి, "జోడీ?" అన్నాడు.

"ఒకటే."

నమ్మనట్టు చూసి మళ్ళీ రెండు వేళ్ళు ఎత్తాడు. నేను ఒక వేలు ఎత్తాను. కాసేపాగి, "పాతది?" అన్నాడు.

"అమ్మేశాను."

ఆయన తల ఊపాడు. పట్టెడ మీద కర్ర తిప్పుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వచ్చేసేటప్పుడు మాత్రం, "రెండు సంవత్సరం," అన్నాడు. చెయ్యి కుదరడానికి అంత పడుతుందని. బస్సులో కూర్చుని దాన్ని రెండు నెలలుగా మార్చుకున్నాను.

శ్రుతి దిగడం అంటే ఏమిటో ఇంటికొచ్చాక తెలిసింది. నాలుగు నుంచి రెండుకి దిగితే గొట్టం దాదాపు అయిదో వంతు పెరుగుతుంది. వేలికీ వేలికీ మధ్య ఎడం కూడా అంతే పెరుగుతుంది. వరస అదే, నిజమే. కానీ సన్నాయిలో స్వరం పలికేది రంధ్రం మూయడం తెరవడంతో కాదు. ఎంత మూశాం, ఎంత జార్చాం, ఆ క్షణంలో ఊపిరి ఎంత నొక్కాం, వీటితో పలుకుతుంది. ఏడు రంధ్రాలతో అన్ని రాగాలూ అన్ని గమకాలూ రావాలంటే వేలి కొన రంధ్రం అంచు మీద బియ్యపుగింజంత జరగాలి. ఇరవయ్యేళ్ళుగా నా వేళ్ళు ఆ గింజ కొలత నేర్చుకుని ఉన్నాయి. ఆ కొలత ఇక్కడ తప్పు. కల్యాణి అయితే ఎలాగో దాటిపోయేవాణ్ణి. తోడిలో గాంధారం దగ్గరకొచ్చేసరికి దొరికిపోయేవాణ్ణి. అది ఒకచోట నిలబడే స్వరం కాదు. ఊగాలి. నాది ఊగేది కాదు, తడబడేది.

పీక కూడా మారింది. కావేరి ఒడ్డున పెరిగే ఓ రకం రెల్లుతో చేసే పీకలు అవి. బారికి వెడల్పు పీక. పెదాల పట్టు వేరు. గాలి ఎక్కువ తాగుతుంది. తిమిరి మీద ఒక ఊపిరికి పలికే సంగతి దీని మీద సగంలో తెగిపోయేది. పత్తి చేల గట్టు మీద పొద్దున్నే మూడు గంటలు సాధన చేసేవాణ్ణి. పొలానికొచ్చే ఆడవాళ్ళు, "ఏంది అన్నా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. వాళ్ళు వేళాకోళానికి అడగలేదు. నిజంగానే అడిగారు.

శ్రావణం, కార్తీకం పెళ్ళిళ్ళకి తమ్ముడే పక్క ఊరి సన్నాయిని జోడీ పెట్టుకుని మేళం నడిపాడు. వచ్చిన డబ్బులో నా వాటా నాకిచ్చాడు. తీసుకున్నాను.

1986 ఫాల్గుణంలో ఇక ఆగలేకపోయాను. ఇంకొల్లు, పర్చూరుల మధ్య ఓ ఊళ్ళో పెద్ద రైతు ఇంట్లో పెళ్ళి. బయానా పుచ్చుకున్నప్పుడే, ఈసారి కొత్త సన్నాయి అని చెప్పాను. తమ్ముడు ఏమీ అనలేదు. శ్రుతిపెట్టె మెడకి తగిలించుకున్నాడు.

పందిట్లో బాగానే జరిగింది. మైకు ఉంది. మెల్లగా, నాకు చేతనైన రాగాలే వాయించాను. ఎవరో వచ్చి, "మద్రాసు మేళంలా ఉందయ్యా" అన్నారు. ఆ మాట చెవిలో పడ్డాక నా కాళ్ళు నేల మీద లేవు. రాత్రి ఊరేగింపులో తోడి ఎత్తుకోవాలని అప్పుడే అనుకున్నాను.

ఊరేగింపు పదకొండు దాటాక బయల్దేరింది. ముందు పెట్రోమాక్స్ లైట్లు మోసేవాళ్ళు, తర్వాత మేం, వెనక పూలు కట్టిన కారులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, ఆ వెనక జనం. ఊరు దాటి రామాలయం వైపు తిరిగే దారికి రెండువైపులా మిరప కల్లాలు. ఫాల్గుణంలో మా వైపు నేల ఎర్రగా ఉంటుంది. ఎకరాల కొద్దీ కాయలు ఆరబోసి ఉంటాయి, రాత్రుళ్ళు పట్టలు కప్పి కాపలా పడుకుంటారు. గాలి లేకపోయినా ఘాటు గాల్లోనే ఉంటుంది. పుట్టి పెరిగినవాళ్ళం, మాకు అలవాటే. తిమిరికి పట్టే ఊపిరి ఆ ఘాటుకి సరిపోయేది. పై పైన తీసుకుని, టక్కున ఊదేసేవాళ్ళం. బారికి ఊపిరి లోతుగా తియ్యాలి. పొట్టలోకి తీసుకున్నాను. మొదటి ఊపిరికే గొంతులో నిప్పు పడ్డట్టయింది. దగ్గు ఆపుకుని ఊదాను. కళ్ళల్లో నీళ్ళు. గాంధారం దగ్గర నాదం తెగిపోయింది.

మైకు లేదు. ఆరుబయట నా నాదం ఎంత దూరం పోతోందో నాకు తెలీలేదు. వెనక నుంచి ఎవరో పెద్దమనిషి గట్టిగా, "ఏమయ్యా, మేళమోళ్ళు ఎటు పోయారు? డోలే వినపడుతోంది!" అన్నాడు.

ఆ మాటకి బావ నావైపు చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా డోలు వాయించిన చెయ్యి ఆయనది. ఆ డోలు మోగితే పశువులు కట్టుకొయ్యలు పీక్కునేవి. ఆయన కుడిచేతి దెబ్బ తగ్గించాడు. అదీ చాల్లేదని ఎడమ మూత మీద పుల్లతో కొట్టడం ఆపి, అరచెయ్యి ఆనించి పెట్టాడు, మోగకుండా. నాకోసం తన వాద్యం నోరు నొక్కేశాడు. ఊరేగింపు మధ్యలో డోలు గొంతు తగ్గడం మా ఇలాకాలో ఎవరూ విని ఉండరు.

నేను సన్నాయి దించాను. పీక ఆరిపోయిందని నటిస్తూ, దారానికి వేలాడే ఇంకో పీకని నాలుక మీద తడుపుకుంటున్నాను. అప్పుడు పక్కకి చూశాను.

లైటు మోసే కుర్రాడు మా తమ్ముడి పక్కకి వచ్చాడు. ఆ తెల్లటి వెలుతురు వాడి చేతుల మీద పడింది. కుడిచేత్తో శ్రుతిపెట్టె తిత్తి కదుపుతున్నాడు. ఎడమచేతి మూడు వేళ్ళు పెట్టె అంచు మీద ఆడుతున్నాయి. వాడికి ఆ సంగతి తెలీదు. చూపు దారి మీద ఉంది, మొహం మామూలుగా ఉంది. వేళ్ళు మాత్రం నేను తెంచేసిన చోటు నుంచి తోడి ఎత్తుకుని వాయిస్తున్నాయి. వాటి మధ్య ఎడం నాలుగు శ్రుతి ఎడం. మధ్యవేలు చెక్క అంచు మీద బియ్యపుగింజంత ముందుకీ వెనక్కీ జరుగుతోంది. గాంధారం ఊగుతోంది. శబ్దం లేదు. నాకు స్పష్టంగా వినిపించింది.

ఎంతసేపు చూశానో తెలీదు. తోడి నాకు ఎనిమిది నెలలుగా అందనిది, వాడి వేళ్ళలో ఎప్పణ్ణించో ఉంది. కీచుగా ఉందని నేను విసిరికొట్టిన శ్రుతిలోనే ఉంది. ఇన్నేళ్ళూ నా పక్కన నడుస్తూ, నేను పట్టిన రాగానికి కిందుగా, నన్ను దాటకుండా వాయించినవాడు. వాడి చేతికి పెట్టె ఇచ్చింది నేనే. పందిట్లో జనం మాట్లాడుకోవడానికి కారణం కర్ర కాదని కూడా అప్పుడే అర్థమైంది. చినమౌలానా గారు చిలకలూరిపేట బాణీలో షేక్ ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత కూడా నాచ్చియార్‌కోయిల్ రాజం, దొరైకణ్ణు సోదరుల దగ్గర శిష్యుడిగా కూర్చుని తంజావూరు బాణీ పట్టారు. పుట్టిన సీమ వదిలి శ్రీరంగంలో కాపురం పెట్టారు. బాణీ కోసం ఆయన గురువుల్ని వెతుక్కున్నారు, ఊరు మార్చుకున్నారు, బతుకే మార్చుకున్నారు. నేను రైలెక్కి వెళ్ళి కర్ర కొనుక్కొచ్చాను.

ఆ రాత్రి మిగతా దారంతా డోలుతోనే నడిపించాం. నేను మధ్యమధ్య ఊదాను. డబ్బులిచ్చేటప్పుడు పెళ్ళివారు తగ్గించలేదు. మరుసటి ఏడు పెళ్ళికి మాత్రం పిలవలేదు.

వారం తిరక్కుండా ఇంకొల్లు కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. నా తిమిరి తిరిగి ఇచ్చెయ్యమన్నాను, కొన్నదానికి సగం ఎక్కువ ఇస్తానన్నాను. వాడు లోపలికెళ్ళి సన్నాయి తెచ్చి, ఇవ్వకుండా, కూర్చుని వాయించాడు. నాకంటే బాగా వాయించాడు. ఇక అడగలేకపోయాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

తమ్ముడికి బారి కొనిద్దామనుకుంటూనే 1987 వచ్చింది. పత్తికి తెల్లదోమ పట్టింది. కొట్టిన మందే మళ్ళీ కొట్టారు, పురుగు చావలేదు, అప్పు పెరిగింది. ఆ ఏడూ పై ఏడూ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రైతులు అదే పురుగుల మందు తాగి చనిపోయారు. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, జరిగినవి గుళ్ళో జరిగాయి. మేళం మాటెత్తినవాళ్ళు లేరు. ఆ రోజుల్లో నా సన్నాయి బాధ చెప్పుకుంటే నోరు కాలుతుంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు గణపవరం వైపు స్పిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. తాత్కాలికమే అన్నాడు. ఇరవయ్యారేళ్ళు చేశాడు. ఆ జీతంతోనే కూతుర్ని చదివించాడు, ఆ అమ్మాయే ఇప్పుడు డాలస్‌లో ఉంది. అంతా మంచికే జరిగిందని చుట్టాలంటారు. తమ్ముడు అనడు, నేనూ అనను.

బారి నాకు కుదిరింది. నరసింగంపేట పెద్దాయన రెండేళ్ళన్నాడు, నాకు నాలుగు పట్టింది. ఊరేగింపులకి కాదు, గుడి మండపంలో తెల్లవారుజామున. రాతి స్తంభాల మధ్య అది పలికినట్టు ఇంకోటి పలకదు. రెండు శ్రుతి తప్పు కాదు. పర్చూరు దారిలో, మిరప కల్లాల మధ్య, జోడీ లేకుండా, పాతది అమ్ముకుని, ఎనిమిది నెలల్లో దాన్ని పట్టుకుని నడిచినవాడిది తప్పు. మా వైపు నుంచే, చినమౌలానా గారి శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే శ్రుతిలో వాయిస్తుంటే, ఎవరి స్వరం ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో తెలీదు. టీవీలో అది వస్తే నేను పూర్తిగా చూడలేను. మధ్యలో లేచి పశువులకి మేత వెయ్యడానికి వెళ్తాను.

మర్నాడు మనవడికి ఇదంతా చెప్పాను. తమ్ముడు నా పక్కనే మంచం మీద కూర్చుని విన్నాడు. ఊరేగింపులో వాడి వేళ్ళ సంగతి వాడికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు, అప్పుడే మొదటిసారి చెప్పాను. వాడు, "నేనా?" అని మాత్రం అన్నాడు.

కుర్రాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను అడగాల్సినవి అడిగాను. నీ పక్కన వాయించేవాళ్ళు దేని మీద వాయిస్తారు? రెండింటి మీదా కొన్నాళ్ళు వాయించే వీలుందా? సి మీద నేర్పే గురువు ఎవరు? పాత మీటలు మర్చిపోయి కొత్తవి వేళ్ళకి ఎక్కడానికి ఎన్నాళ్ళిస్తావు? ఈ మధ్యలో కచేరీ పడితే ఏది పట్టుకుంటావు? వాడు కొన్నింటికి జవాబు చెప్పాడు, కొన్ని కాగితం మీద రాసుకున్నాడు.

"పాతది మాత్రం అమ్మకు నాన్నా," అన్నాను.

"అది నాది కాదు పెదతాతా, స్కూలుది. అమ్మడానికి కుదరదు," అన్నాడు.

ఆ మాట వినగానే నాకు నిజంగా హాయిగా అనిపించింది.

వాళ్ళ టీచర్ నెల రోజులకని ఇచ్చిన సి ట్యూబా గదిలోనే ఉందట. ఒకే చిన్న వరసని రెండింటి మీదా వాయించి వినిపిస్తానన్నాడు. ఫోనుని బల్ల మీద ఆనించి, ముందు పాతది ఒళ్ళో పెట్టుకున్నాడు. ఫోనులో ఆ మంద్రం సరిగ్గా వినపడలేదు. తమ్ముడు ఫోను నా చేతిలోంచి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. రెండో చెయ్యి మంచం పట్టె మీద ఉంది. మూడు వేళ్ళు నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాయి.